మొదటి ఆర్‌సీ ప్లేన్: రెడీమేడా, సన్‌ప్యాకా, ఫోమ్ బోర్డా, బాల్సానా?

మా పిన్ని కొడుకు మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "అన్నా, చేతిలో పదిహేను వేలున్నాయి, ఆర్‌సీ ప్లేన్ ఏది తీసుకోను?" ఆర్‌సీ అంటే రేడియో కంట్రోల్, నేల మీద నిలబడి రిమోట్‌తో ఎగరేసే చిన్న విమానం. అడగడానికి అడిగాడు గానీ అప్పటికే ఒకటి చూసి పెట్టుకున్నాడు, రెండో ప్రపంచ యుద్ధం నాటి స్పిట్‌ఫైర్ మోడలు, ఫోటోలో మాత్రం అదిరింది. నేను ఒకటే అడిగా, "ఒరేయ్, అది పడ్డ రోజు సాయంత్రం ఏం చేస్తావు?" "పడదులే అన్నా, గేముల్లో బోలెడు ఎగరేశా" అన్నాడు.

పడుతుంది. నాది పడింది, నాకు నేర్పినాయనది ఇప్పటికీ పడుతుంది. అందుకని మొదటి ప్లేన్ ఎంచుకునేటప్పుడు ఏది స్పీడు, ఏది అందం అని చూస్తే లెక్క తప్పుతుంది. పడ్డాక ఎంతసేపట్లో, ఎంత ఖర్చుతో, మన ఊళ్ళో దొరికే సామానుతో మళ్ళీ లేస్తుందా అన్నదే చూడాలి. నేను కింద పోల్చేవన్నీ ఆ కొలతతోనే, షోకేసులో పెట్టుకోడానికైతే ఈ సలహా మీకు పనికిరాదు, స్పిట్‌ఫైరే కొనుక్కోండి.

ముందు ఆకారం సంగతి. స్పిట్‌ఫైర్, ముస్టాంగ్ లాంటి వాటికి రెక్క కింద వైపు ఉంటుంది, చివర్లకి పోయేకొద్దీ సన్నబడుతుంది, స్పీడు తగ్గితే చాలా మోడల్స్‌లో ఆ చివరే ముందు స్టాల్ అయి, అంటే గాలి పట్టు తప్పి ఇక మొయ్యలేక, ప్లేన్ ఒక పక్కకి దబ్బున తిరగబడుతుంది, అదీ ల్యాండింగ్‌కి వచ్చేటప్పుడు, అంటే సర్దుకోడానికి ఎత్తు లేనప్పుడు. సెస్నా లాగా రెక్క పైన ఉండే హై వింగ్ ట్రైనర్‌కి ఆ గోల తక్కువ. రెక్క రెండు చివర్లూ కొంచెం పైకి లేపి కడితే, దాన్నే డైహెడ్రల్ అంటారు, స్టిక్ వదిలేసినా చాలావరకు తనంతట తనే లెవెల్ అవుతుంది. డైహెడ్రల్ సరిగ్గా ఉంటే ఎయిలరాన్లు (రెక్క వెనక అంచున ఉండి ప్లేన్‌ని పక్కకి వాల్చే పలకలు) కూడా అక్కర్లేదు, రడ్డర్ (ముక్కుని పక్కలకి తిప్పే నిలువు తోక పలక), ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందకీ తిప్పే అడ్డ తోక పలక), త్రాటిల్ (మోటారు స్పీడు) మూడు చానెల్స్‌తో, అంటే రిమోట్ నుంచి వెళ్ళే మూడు విడి ఆజ్ఞలతో, హాయిగా తిరుగుతుంది, రెండు సర్వోలు (ఆ పలకల్ని కదిపే బుల్లి మోటార్లు) చాలు, చెడిపోడానికి కూడా రెండే ఉంటాయి.

ఇంకో మంచి ఆకారం పుషర్ గ్లైడర్, మల్టీప్లెక్స్ ఈజీస్టార్, హాబీకింగ్ బిక్స్‌లర్ లాంటివి. మోటారు రెక్క వెనక పైన ఉంటుంది కాబట్టి ముక్కు మీద పడినా ప్రొపెల్లర్ విరగదు, మోటారు ఆపేసినా మెల్లగా జారుకుంటూ వస్తుంది, మీకు ఆలోచించుకునే టైమ్ ఇస్తుంది. ఒక్కటే జాగ్రత్త, చేత్తో విసిరేటప్పుడు ప్రొపెల్లర్ మీ చెయ్యి వెనకే ఉంటుంది, విసిరాక త్రాటిల్ పెంచండి, ముందే ఫుల్ పెట్టి విసరొద్దు. ఫ్లయింగ్ వింగ్ చూడ్డానికి చాలా ఈజీగా ఉంటుంది, ఒక రెక్క, రెండు సర్వోలు, అయిపోయింది అనిపిస్తుంది గానీ, తోక లేదు కాబట్టి దూరంలో అది మన వైపు వస్తోందో అటు పోతోందో కొత్తవాడికి తెలిసి చావదు. జెట్ మోడల్స్ వద్దు. అంతే.

ఇక దేంతో చెయ్యాలి. నా మొదటిది బాల్సా, అంటే బాగా తేలికైన ఒక రకం చెక్క. కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ వాళ్ళు బాల్సా మోడల్స్ చేస్తుంటే చూసి మోజు పుట్టి, మూడు నెలలు రోజూ రాత్రి కూర్చుని ఒక్కో రిబ్ (రెక్క లోపలి అడ్డ పట్టీ) బ్లేడుతో కోసి, సాండ్ పేపర్ పట్టి, పైన కవరింగ్ ఫిల్మ్ ఇంట్లో ఇస్త్రీ పెట్టెతో అతికించా (అమ్మ ఆ ఇస్త్రీ పెట్టె సంగతి ఇప్పటికీ ఎత్తుతుంది). ఎండిపోయిన చెరువులో ఎగరేశాం. లేచింది, ఎక్కింది, ఎడమకి తిరిగింది, అంతవరకు బానే ఉంది, తిరిగి నా వైపు వస్తుంటే కుడి రెక్క వాలింది, నేను చెయ్యాల్సిన దానికి ఉల్టా చేశాను. పట్టుమని ఇరవై సెకన్లు లేదు. అవతల గేదెలు కాసుకుంటున్న పెద్దాయన సగం రెక్క చేతిలో పట్టుకుని వచ్చి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందయ్యా, అగ్గిపుల్లల్తో చేశారా దీన్ని?" అన్నాడు. నిజమే, చేతిలో ఉన్నవి అగ్గిపుల్లలే. మళ్ళీ బాల్సా కొరియర్‌లో రావడానికే పది రోజులు పట్టింది, తయారవడానికి నెల, ఆ నెలలో నేను ఎగరేసింది సున్నా.

బాల్సాని తిట్టడం లేదు. అంత తేలికగా అంత గట్టిగా ఉండే చెక్క ఇంకోటి లేదు, బాగా కట్టిన బాల్సా ప్లేన్ గాల్లో ఉన్నప్పుడు ఆ తేడా స్టిక్ మీదే తెలుస్తుంది, కట్టడం నేర్చుకుంటే విమానం లోపల ఏది ఎందుకుందో కూడా అర్థమవుతుంది. కానీ అది మీ మూడో ప్లేన్.

సన్‌ప్యాక్ షీట్ అంటే ఫ్లెక్సీ షాపుల్లో బోర్డులకి వాడే ప్లాస్టిక్ అట్ట, లోపల సన్న గొట్టాల్లాగా ఉంటుంది, మన ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్ళు చాలామంది దీంతోనే మొదలుపెడతారు. చవక, ప్రతి టౌన్‌లో దొరుకుతుంది, ఎలక్షన్లయ్యాక అయితే ఊరికే దొరుకుతుంది, నా రెండో ప్లేన్ ఎడమ రెక్క మీద ఒక నాయకుడి మీసం సగం ఉండేది. తడిసినా ఏమీ కాదు, వరి మడిలో బురదలో పడితే కడిగి తుడిచి మళ్ళీ ఎగరేయొచ్చు. లోపలి గొట్టాలు రెక్క పొడవునా వచ్చేట్టు కోసుకుంటే వాటిలోంచి సన్న కార్బన్ రాడ్డో పాత గొడుగు కమ్మో దూర్చి గట్టిపరచొచ్చు. హింజ్ కూడా కొనక్కర్లేదు, ఒక గొట్టం మీద పై పొర మాత్రం బ్లేడుతో గీసి వదిలితే కింద పొరే హింజ్ అయిపోతుంది.

దీని చెడ్డగుణాలు రెండు. ఒకటి బరువు, 3 మిల్లీమీటర్ల షీటే చదరపు మీటరుకి దాదాపు అరకిలో తూగుతుంది, తోక కూడా దాంతోనే చేస్తే వెనక బరువెక్కి, దాన్ని బ్యాలెన్స్ చెయ్యడానికి ముక్కులో ఇంకా బరువు పెట్టి, ఆ బరువు మొయ్యడానికి ఇంకా స్పీడుగా పోనిచ్చి, ఇలా ఒకదాని వెనక ఒకటి. రెండోది, దీనికి ఏ గమ్మూ సరిగ్గా అంటదు. ఫెవిక్విక్ ఊడొస్తుంది, గ్లూ గన్‌తో అంటించింది చల్లారాక గోటితో లేపితే లేస్తుంది. అంటించే చోట సాండ్ పేపర్‌తో గరుకు చేసి, పైన జిప్ టైతో కట్టెయ్యండి, అందంగా ఉండదు గానీ ఊడదు.

పేపర్ అంటించిన ఫోమ్ బోర్డు, అంటే స్టేషనరీ షాపుల్లో ప్రాజెక్ట్ మోడల్స్‌కి అమ్మేది, నా లెక్కలో ఇంట్లో చేసుకునేవాటిలో ఇదే ఫస్ట్. ఒక పక్క పేపర్ గీసి మడిస్తే రెక్క వంపు వస్తుంది, గ్లూ గన్‌తో చక్కగా అంటుకుంటుంది, ఒక ఆదివారం పొద్దున మొదలుపెడితే రాత్రికి బాడీ రెడీ. ముక్కు నలిగితే ఆ భాగం కోసేసి కొత్త ముక్క అతికిస్తే అయిపోయింది, నేను ఒకసారి పొలం గట్టు మీదే బండి డిక్కీ మీద పెట్టి కోసి అతికించి అదే పూట మళ్ళీ ఎగరేశాను. దీనికి నీళ్ళు పడవు, చలికాలం పొద్దున్నే మంచు పడ్డ గడ్డి మీద రెండు ల్యాండింగులు చేస్తే పేపర్ లేచిపోతుంది, అడుగున బ్రౌన్ టేప్ వేసుకోండి.

షాపులో ఒక మోసం జరుగుతుంటుంది, మోసం అనేకంటే పేర్ల గందరగోళం అనాలి. సన్‌బోర్డు అని అడిగితే కొన్ని చోట్ల గట్టి పీవీసీ ఫోమ్ షీట్ ఇస్తారు, చూడ్డానికి తెల్లగా నున్నగా ఒకేలా ఉంటుంది గానీ 3 మిల్లీమీటర్లదే చదరపు మీటరుకి కిలోన్నర దాకా ఉంటుంది. దాంతో బీరువా తలుపులు చేసుకోవచ్చు, ప్లేన్ కాదు. చేతిలోకి తీసుకుని చూడండి, గోరు గుచ్చితే దిగాలి, దిగకపోతే అక్కడే వదిలేసి రండి.

థర్మాకోల్‌కి పోతే అన్నిటికంటే తేలిక, నైక్రోమ్ వైర్ (హీటర్లలో వాడే తీగ) వేడి చేసి అసలైన ఏరోఫాయిల్ (విమానం రెక్కకుండే పైన ఉబ్బిన వంపు) ఆకారంలో రెక్క కోసుకోవచ్చు, ఆ పొగ మాత్రం పీల్చొద్దు, డాబా మీద చేసుకోండి. పెళుసు కాబట్టి పైనంతా టేప్ చుట్టాలి. గమ్ముల విషయం గుర్తుంచుకోండి, మామూలు ఫెవిక్విక్, ఫెవిబాండ్, స్ప్రే పెయింట్, ఇవన్నీ థర్మాకోల్‌ని తినేస్తాయి, నురుగు కరిగినట్టు కరిగి గుంట పడుతుంది. ఫెవికాల్ గానీ రెండు ట్యూబులు కలిపే అరాల్డైట్ గానీ వాడండి, ఆరేదాకా ఓపిక పట్టండి.

రెడీమేడ్‌ల విషయానికొస్తే ఎక్కువ ఈపీఓ అనే ఫోమ్‌తో వస్తాయి, ఇది థర్మాకోల్ కంటే సాగే రకం, ఫెవిక్విక్ తట్టుకుంటుంది, ముక్కు నొక్కుకుపోతే వేడి నీళ్ళలో ముంచితే చాలావరకు మళ్ళీ ఉబ్బి ఆకారానికి వస్తుంది, మొదటిసారి చూస్తే మేజిక్‌లా ఉంటుంది. బ్యాలెన్స్, కోణాలు అన్నీ ఫ్యాక్టరీలోనే సెట్ అయి ఉంటాయి కాబట్టి ఎగరకపోతే తప్పు ఎక్కడుందో వెతుక్కునే పని ఉండదు. ఉద్యోగం, పిల్లలు ఉండి టైమ్ లేనివాళ్ళకి ఇదే బెటర్, మొహమాటం లేకుండా చెప్తున్నా. కొనేముందు ఒకటే చూడండి, లోపల రిసీవర్ (రిమోట్ సిగ్నల్ అందుకునేది), ఈఎస్‌సీ (మోటారు స్పీడుని అదుపుచేసేది), సర్వోలు విడివిడిగా ఉన్నాయా, లేక అన్నీ కలిపి ఒకే బోర్డు మీద ఉన్నాయా. ఒకే బోర్డయితే ఒక సర్వో పోయినా మొత్తం మార్చాలి, ఆ బోర్డు ఇక్కడ దొరకదు, ప్లేన్ అటక మీదకెక్కుతుంది. ఇంకోటి, 2022 ఫిబ్రవరి నుంచి పూర్తి డ్రోన్ల దిగుమతి మీద మన దేశంలో నిషేధం ఉంది, విడిభాగాలకి లేదు, కాబట్టి బయటి సైట్లలో డిస్కౌంట్ చూసి ఫుల్ సెట్ ఆర్డర్ పెడితే కస్టమ్స్‌లో ఇరుక్కునే అవకాశం ఉంది, ఇక్కడి షాపుల్లో స్టాక్ ఉన్నది తీసుకోండి.

గైరో స్టెబిలైజర్, అంటే ప్లేన్ వాలితే తనంతట తనే సరిచేసే చిన్న ఎలక్ట్రానిక్ పరికరం, ఉన్నది తీసుకోవాలా అని చాలామంది అడుగుతారు. ఒక్కడే నేర్చుకుంటుంటే తీసుకోండి, పక్కన తెలిసినవాడు ఉంటే అక్కర్లేదు. ఉన్నా కూడా కొన్నాళ్ళకి స్విచ్ వేసి ఆపేసి ఎగరేయడం అలవాటు చేస్కోండి, లేకపోతే ప్లేన్ నేర్చుకుంటుంది, మీరు నేర్చుకోరు.

ఇప్పుడు పదిహేను వేలు ఎక్కడికి పోతాయో చెప్తా, పిన్ని కొడుక్కి కూడా ఇదే చెప్పా. ఎక్కువ పోవాల్సింది బాడీకి కాదు. రేడియో (చేతిలో పట్టుకునే రిమోట్), చార్జర్, బ్యాటరీలు పదేళ్ళ పాటు కాకపోయినా నాలుగైదు ప్లేన్ల దాకా మీతోనే ఉంటాయి. ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 లాంటి ఆరు చానెల్స్ రేడియో, రిసీవర్‌తో కలిపి అటూఇటూగా ఐదు వేలు, 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది, ఈ బ్యాండుకి మన దగ్గర విడిగా లైసెన్స్ అక్కర్లేదు. పాతకాలం 35, 72 మెగాహెర్ట్జ్ సెట్లు ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా తీసుకోకండి, పక్కవాడు అదే చానెల్ ఆన్ చేస్తే మీ ప్లేన్ పోయినట్టే. సెల్స్ అన్నిటినీ సమానంగా నింపే బ్యాలెన్స్ చార్జర్ ఒకటి, ఐమ్యాక్స్ బీ6 రకం. రెండు బ్యాటరీలు. మిగిలిన దాంట్లో మోటారు, ఈఎస్‌సీ, సర్వోలు, రెండు ప్రొపెల్లర్లు ఎక్స్‌ట్రా. బాడీ షీట్లు వందల్లోనే అయిపోతాయి.

పెట్రోల్ బండిలా శబ్దం చేసే గ్లో ఇంజిన్ ఆశ కొందరికి ఉంటుంది, నాకూ ఉండేది. మిథనాల్, నైట్రోమీథేన్, ఆముదం నూనె కలిపిన ఫ్యూయల్ దానికి కావాలి, అది తెప్పించడం ఒక తలనొప్పి, బాడీ అంతా జిడ్డు, పొద్దున్నే ఊరంతా లేచి చూస్తుంది. ఎలక్ట్రిక్ చాలు.

మోటార్లలో ఏ2212 అని ఒకటి ప్రతి ఎలక్ట్రానిక్స్ షాపులో ఉంటుంది, ఇక్కడే ఒక పెద్ద పొరపాటు చేస్తారు. అదే పేరుతో 1000 కేవీ, 1400 కేవీ, 2200 కేవీ అని వేరే వేరే వస్తాయి. కేవీ అంటే ఒక వోల్ట్‌కి నిమిషానికి ఎన్ని చుట్లు అని, ఎక్కువ ఉంటే పవర్ ఎక్కువ అనుకుని 2200 తెచ్చి దానికి 10 అంగుళాల ప్రొపెల్లర్ బిగిస్తారు, ఒక నిమిషంలో మోటారు కాలిన వాసన వస్తుంది. 1000 కేవీకి 10 అంగుళాల ప్రొపెల్లర్, 3 సెల్ బ్యాటరీ పెడితే దాదాపు 800 గ్రాముల థ్రస్ట్ (ముందుకి లాగే బలం) వస్తుంది. 2200 కేవీకి 6 అంగుళాలదే పెట్టాలి. ట్రైనర్‌కి 1000 తీసుకోండి, 30 ఆంప్స్ ఈఎస్‌సీ, 9 గ్రాముల సర్వోలు.

కొలతలు కూడా చెప్పేస్తా, ఇంట్లో చేసేవాళ్ళకి. రెక్క పొడవు 110 నుంచి 120 సెంటీమీటర్లు, వెడల్పు 20. బాడీ పొడవు రెక్క పొడవులో ముప్పాతిక దగ్గర్లో. పడుకున్న తోక వైశాల్యం రెక్కలో ఐదో వంతు నుంచి పావు వంతు. అన్నీ బిగించాక మొత్తం బరువు 800 గ్రాములు దాటకుండా చూస్కోండి, వంటింట్లో కాటా వాడుకోండి. వీటన్నిటికంటే ముఖ్యం సీజీ, బరువు కేంద్రం, రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో 25 నుంచి 30 శాతం దగ్గర, అంటే 20 సెంటీమీటర్ల రెక్కకి 5 నుంచి 6 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. అక్కడ రెండు పక్కలా పెన్నుతో గీత గీసి, బ్యాటరీ పెట్టి, రెండు చూపుడు వేళ్ళ మీద ఎత్తండి, ముక్కు కొంచెం కిందకి వాలితే మంచిదే, తోక వాలితే మాత్రం ఎగరేయొద్దు, బ్యాటరీ ముందుకు జరపండి. ముక్కు బరువైన ప్లేన్ బద్ధకంగా ఎగురుతుంది, తోక బరువైనది చేతిలోంచి వదలగానే గుర్రంలా లేచి వెనక్కి పడుతుంది.

బ్యాటరీల్లో లైపోకి (లిథియం పాలిమర్) ఇంకో ఆప్షన్ లేదు గానీ సైజు ఎంచుకోవచ్చు. 3 సెల్, 2200 ఎంఏహెచ్, 25సీ, అంటే కెపాసిటీకి 25 రెట్ల కరెంటు ఇచ్చేది, తీసుకుంటే 55 ఆంప్స్ దాకా ఇవ్వగలదని అర్థం, మీ మోటారుకి దాంట్లో సగం కూడా అక్కర్లేదు. సగటున 12 ఆంప్స్ లాగితే లెక్క ప్రకారం 11 నిమిషాలు, కానీ 80 శాతమే వాడాలి, కాబట్టి రేడియోలో టైమర్ 8 నిమిషాలకి పెట్టండి, మొదట్లో 6కి. పెద్ద బ్యాటరీ పెడితే ఎక్కువసేపు వస్తుందనుకుంటారు, బరువు పెరిగి ఆ లాభం సగం పోతుంది, ల్యాండింగ్ స్పీడు కూడా పెరుగుతుంది. ఒక్కో సెల్ ఫుల్ అయితే 4.2 వోల్ట్‌లు, 3.5 దగ్గర దించేయండి, 3 కంటే కిందకి పోతే పాడైనట్టే. వారం పైన వాడకపోతే సెల్‌కి 3.8 దగ్గర ఉంచి దాచండి. చార్జింగ్ 1సీ, అంటే 2200కి 2.2 ఆంప్స్, ఎప్పుడూ మనిషి పక్కనుండగానే, మంచం మీదా సోఫా మీదా కాదు, మట్టికుండలోనో ఇటుకల మధ్యో పెట్టి. మే నెలలో ఒకసారి కారు డిక్కీలో మర్చిపోయి మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి నాది పూరీలాగా ఉబ్బింది. ఉబ్బినదాన్ని ఇంకొక్కసారి వాడదాం అనిపిస్తుంది, వాడకండి, నిప్పంటుకుంటే నీళ్ళ చెంబుతో ఆరేది కాదు అది.

ఎక్కడ ఎగరేయాలి అన్నది చాలామంది చివర్లో ఆలోచిస్తారు, నన్నడిగితే కొనకముందే ఆలోచించాలి, ఎందుకంటే చోటుని బట్టి ప్లేన్ సైజు మారుతుంది. 2021 డ్రోన్ రూల్స్ క్వాడ్‌కాప్టర్లకే అనుకుంటారు, కాదు, ఏరోప్లేన్ రకం కూడా వాటి కిందకే వస్తుంది. గ్రీన్ జోన్‌లో (మ్యాప్‌లో ఆకుపచ్చగా చూపించే చోటు) 400 అడుగుల దాకా, ఎయిర్‌పోర్ట్ గోడ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు, 8 లోపల అయితే ఆ ఆలోచనే వద్దు. హైదరాబాద్‌లో శంషాబాద్ ఒక్కటే గుర్తొస్తుంది అందరికీ, బేగంపేట, హకీంపేట, దుండిగల్ కూడా ఉన్నాయి, ఉత్తరం వైపు ఖాళీ స్థలం కనపడిందని ఎగరేస్తే ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ నెత్తిన ఎగరేసినట్టు. వైజాగ్‌లో నేవీ, గన్నవరం, రేణిగుంట, మధురపూడి చుట్టుపక్కల వాళ్ళు కూడా ప్రభుత్వం వాళ్ళ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ పొలం ఏ రంగులో ఉందో చూసుకునే బయటికి తీయండి. 250 గ్రాముల లోపుదైతే నానో కిందకి వస్తుంది, దానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ అక్కర్లేదు. 2 కిలోల లోపు మైక్రో, వ్యాపారానికి కాకపోతే దానికీ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. సరదాకో చదువుకో వాడే మోడల్స్‌కి, కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరేస్తే, టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్ డిజైన్‌కి ప్రభుత్వ ఆమోదం) గొడవ లేదు. రూల్స్ తప్పితే జరిమానా లక్ష రూపాయల దాకా ఉంది.

అందుకని అపార్ట్‌మెంట్ జీవితం, పక్కన స్కూల్ గ్రౌండ్ ఒక్కటే ఉంది అంటే నానో సైజు గైరో ప్లేన్ తీసుకోండి, అదీ గ్రౌండ్ ఖాళీగా ఉన్నప్పుడు, గాలి లేని పొద్దున. పొలాలు ఉన్నవాళ్ళకి మీటరు పైన సైజు మంచిది, పెద్దది గాలికి తక్కువ ఊగుతుంది, బాగా కనపడుతుంది. 400 అడుగులు అంటే తక్కువ అనిపిస్తుంది గానీ ఆ ఎత్తులో మీటరు ప్లేన్ కాకి అంత కూడా ఉండదు, ఏ రెక్క ఎటుందో తెలియదు. రెక్క పైన ఎర్రగా, కింద నల్ల పట్టీలు వేస్తే తిరగబడిందో లేదో తెలుస్తుంది. కోసేసిన వరి మడి, ఎండిన చెరువు నాకు ఇష్టమైన చోట్లు, కరెంట్ వైర్లు మాత్రం ముందే నడిచి చూసుకోండి, కిందనుంచి కనపడని లైన్ పైనుంచి ఎప్పుడూ అడ్డొస్తుంది. గద్దలు తిరుగుతుంటే ఆపేయండి, వాటి టైమ్ అది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇది చదువుతుంటే, అక్కడ 250 గ్రాములు దాటితే ఎఫ్‌ఏఏలో (అక్కడి విమానయాన శాఖ) రిజిస్టర్ చేసుకోవాలి, బరువు ఎంతైనా ట్రస్ట్ అనే ఫ్రీ ఆన్‌లైన్ టెస్ట్ ఒకటి రాయాలి. ఏఎంఏ (అక్కడి మోడల్ విమానాల సంఘం) క్లబ్ గ్రౌండ్లు చాలా ఊళ్ళలో ఉంటాయి, నేర్పే పెద్దాయన ఒకరు దొరుకుతారు, మాకు ఇక్కడ లేని అదృష్టం అది, వాడుకోండి.

ఎగరేసే రోజుకి ముందు పికాసిమ్ లాంటి ఫ్రీ సిమ్యులేటర్‌లో మీ రేడియోనే కేబుల్‌తో కలిపి కనీసం పది గంటలు కూర్చోండి. ప్లేన్ మీ వైపు వచ్చేటప్పుడు కుడి ఎడమ తారుమారవుతాయి, నా బాల్సా పోయింది అక్కడే. దానికి మందు ఒకటే, ఏ రెక్క వాలిందో స్టిక్ అటు నెట్టండి, దాన్ని పైకి ఎత్తుతున్నట్టు.

ఇంట్లో పని చేసేటప్పుడు ప్రొపెల్లర్ ఎప్పుడూ తీసేసే ఉంచండి. గ్రౌండ్‌లో ముందు రేడియో ఆన్, తర్వాత బ్యాటరీ, ఆపేటప్పుడు ముందు బ్యాటరీ. ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోటారు ఆపేసే సెట్టింగ్) ఎవరో సెట్ చేసి ఇస్తారని అనుకోకండి, ప్రొపెల్లర్ తీసి, మోటారు తిప్పి, రేడియో ఆఫ్ చెయ్యండి, మోటారు ఆగాలి, ఆగకపోతే ఆ రోజు ఎగరేయడం లేదు. స్టిక్ కుడికి నెడితే కుడి ఎయిలరాన్ పైకి లేవాలి, ఇది ప్రతిసారీ చూడండి. సన్‌ప్యాక్ ప్లేన్‌కి ఒకసారి సర్వో మార్చి, అది ఉల్టా తిరుగుతోందని చూడకుండా విసిరాను, సరిదిద్దేకొద్దీ ఇంకా వాలింది, మీసం ఉన్న రెక్క నేలలోకి దిగింది. జిప్ టైలు మార్చి, కమ్మి నిటారు చేసి, అరగంటలో మళ్ళీ లేపా, అదే బాల్సా అయితే నెల.

ఇంకో మనిషి లేకుండా వెళ్ళకండి. ప్లేన్ చూడ్డానికి కాదు, పిల్లల్ని చూడ్డానికి. ల్యాండింగ్‌కి వస్తుందనగానే ఎక్కడెక్కడి పిల్లలూ దాని మీదకే పరిగెత్తుతారు, కిలో దగ్గర బరువు, గంటకి 40, 50 కిలోమీటర్ల స్పీడు, ముందు తిరిగే ప్రొపెల్లర్. వాళ్ళందర్నీ మీ వెనక గట్టు మీద కూర్చోబెట్టే పని ఆ రెండో మనిషిది. వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడ్డం ఉంటే త్రాటిల్ ఆపేసి అవతల పొదల్లో పడేయండి, ఫోమ్ బోర్డు రేపు మళ్ళీ కొనొచ్చు.

పిన్ని కొడుకు స్పిట్‌ఫైర్ మానేశాడు. ఫోమ్ బోర్డు వాళ్ళ ఊళ్ళో దొరకలేదట, సన్‌ప్యాక్‌తో మొదలుపెట్టాడు, నిన్న ఫోటో పంపాడు, రెక్క మీద ఏదో చీరల షాపు డిస్కౌంట్ ఆఫర్ తలకిందులుగా ఉంది, జిప్ టైలు బానే బిగించాడు, తోక మాత్రం నాకు బరువుగా అనిపించింది. సీజీ గీతలు ఎక్కడా కనపడలేదు. "గీతలేవిరా" అని మెసేజ్ పెట్టాను, ఇంకా బ్లూ టిక్ రాలేదు.